గాలి తుపాకీ కొనే ముందు: చెన్నైలో మనకు నప్పే రకాన్ని ఎంచుకోవడం ఎలా

మెరీనా ఇసుకలో సాయంత్రం పూట నడిచినవాళ్లు బుడగల బోర్డు ముందు ఒకసారైనా ఆగే ఉంటారు. దుకాణదారు తుపాకీ గొట్టాన్ని తొడకు ఆనించి మడిచి, సీసపు గుండు ఒకటి దూర్చి చేతికిస్తాడు. మనం కొడితే బుడగకూ బుడగకూ మధ్య సందులో తగులుతుంది. అతను కొడితే టప్పుమంటుంది. మా మేనల్లుడు నాలుగు గుళ్లు వృథా చేసుకుని, "మామయ్యా, దీని గొట్టమే వంకర" అన్నాడు. నిజమే. ఆ వంకర ఎంతో అతనికి తెలుసు, మనకు తెలియదు. అతని నైపుణ్యమంతా అందులోనే ఉంది.

నెల్లూరు నుంచి పెరంబూరు వచ్చి స్థిరపడ్డాక నేను కొన్న మొదటి గాలి తుపాకీ కథ కూడా ఇంతే. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 1,200 అని ఉంది. సెకనుకు అన్ని అడుగుల వేగమట. దానితో వచ్చిన స్కోపు, అంటే గురి చూసే దుర్భిణి గొట్టం, రెండు వందల గుళ్లు తిరగకుండానే లోపల అడ్డగీత పక్కకు ఒరిగిపోయింది. ఎక్కడ కాలుస్తాను, దేన్ని కాలుస్తాను అని అడుక్కోకుండా సంఖ్యను చూసి కొన్న తప్పు నాదే. అందుకే ఇక్కడ రకాల పట్టిక కంటే ముందు చోటు గురించి మొదలుపెడుతున్నాను.

మొదటి మెట్టు: చోటు

సరదాగా కాల్చేవాళ్లకు 10 మీటర్ల దూరం చాలు. ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ పోటీ కూడా ఆ దూరంలోనే జరుగుతుంది. అక్కడ గురి కాగితం మీద పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, అంటే వాక్యం చివర పెట్టే చుక్కంత. దూరం తక్కువ కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లకు ఆ చుక్కే సమాధానం చెబుతుంది.

మన ఇళ్లలో 10 మీటర్లు నేరుగా దొరకడం కష్టం. పాతకాలపు పొడవాటి ఇళ్లలో వీధి గుమ్మం నుంచి పెరటి గోడ దాకా దొరకవచ్చు. అపార్టుమెంటులో అయితే 5 మీటర్లకు సరిపెట్టుకుని, గురి కాగితాన్ని సగం కొలతకు తగ్గించి ముద్రించుకోండి. నలుగురూ తిరిగే వసారాలు, మెట్ల దారులు మాత్రం పనికిరావు. మేడ మీద కాల్చాలన్న ఆలోచన కూడా మానుకోండి. పిట్టగోడ దాటిన గుండు కొన్ని వందల మీటర్లు పోగలదు, మన ఊళ్లో ఆ దూరంలో ఎన్ని మేడలు, బట్టలారేసే ఎంతమంది మనుషులు ఉంటారో లెక్కపెట్టుకోవచ్చు.

గుళ్లను పట్టుకునే పెట్టె తుపాకీతో పాటే కొనండి, లేదా చేయించండి. మందపాటి ఉక్కు రేకును లోపల ఏటవాలుగా బిగించి, గుండు కిందికి జారి పడేలా చేసిన పెట్టె మంచిది. దాని వెనక గోడ ఉండాలి. కిటికీ గానీ తలుపు గానీ ఉండకూడదు. సిమెంటు గోడకు నేరుగా కాగితం అంటించి కాల్చితే గుండు తిరిగి మన ముఖం మీదికే వస్తుంది. కాల్చేవాళ్లూ చూసేవాళ్లూ రక్షణ కళ్లద్దాలు పెట్టుకోవడం అందుకే.

ఇంట్లో చోటు కుదరకపోతే ఎగ్మోరులోని చెన్నై రైఫిల్ క్లబ్ లాంటి చోట్ల, లేదా దగ్గర్లో ఉన్న ఏదైనా శిక్షణ కేంద్రంలో విచారించండి. నన్నడిగితే ఇంట్లో చోటున్నా మొదటి రెండు మూడు నెలలు అక్కడి తుపాకులతోనే కాల్చడం మంచిది. ఏది మన భుజానికి సరిపడుతుందో తెలిశాక కొంటే డబ్బు మిగులుతుంది.

రెండో మెట్టు: చట్టం, చిన్న లెక్క

2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, 4.5 మిల్లీమీటర్లు దాటినా, గుండు శక్తి 20 జౌళ్లు దాటినా లైసెన్సు కావాలి. 4.5 మిల్లీమీటర్లంటే దుకాణంలో పాయింట్ 177 అని పిలిచే కొలత. పాయింట్ 22 అంటే 5.5 మిల్లీమీటర్లు, అది లైసెన్సు గీతకు అవతల ఉంటుంది. గుర్తింపు కార్డు, చిరునామా రుజువు అడిగి, బిల్లు రాసిచ్చే దుకాణంలోనే కొనండి. ఆ బిల్లు తుపాకీ సంచిలోనే ఉంచండి.

20 జౌళ్లంటే ఎంతో తెలుసుకోవడానికి బడిలో నేర్చుకున్న సూత్రం చాలు: కిలోల్లో బరువు తీసుకుని, అందులో సగాన్ని సెకనుకు మీటర్లలో ఉన్న వేగం వర్గంతో గుణించాలి. మామూలు సీసపు పెల్లెట్టు, అంటే గాలి తుపాకీ గుండు, బరువు సుమారు 0.53 గ్రాములు. అది సెకనుకు 274 మీటర్ల వేగంతో, అంటే 900 అడుగుల వేగంతో పోతే దాదాపు 20 జౌళ్లవుతుంది. అదే పెల్లెట్టు నిజంగా 1,200 అడుగుల వేగంతో పోతే 35 జౌళ్లు దాటాలి. లైసెన్సు అక్కర్లేదంటూ అమ్మే తుపాకీ పెట్టె మీద ఆ సంఖ్య కనిపిస్తే రెండే అర్థాలు. ఒకటి, బాగా తేలికైన లోహపు గుండుతో కొలిచిన వేగాన్ని వేసుకున్నారు. రెండు, పిట్టలదొర కోతలు. మూడోది కూడా ఉంది గానీ అది నిజమైతే మీరు చట్టం దాటినట్టే.

అంత వేగం దొరికినా ఉపయోగం లేదు. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. పెల్లెట్టు ఆ వేగాన్ని దాటి, మళ్లీ దాని కిందికి దిగేటప్పుడు అదుపు తప్పి ఊగుతుంది. ఒలింపిక్ పోటీల తుపాకీ నుంచి గుండు సెకనుకు సుమారు 175 మీటర్ల వేగంతో వస్తుంది. లెక్కవేస్తే 8 జౌళ్లు, చట్టం అనుమతించే దానిలో సగం కూడా కాదు. చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచినదీ, అంతకు ముందు 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచినదీ ఈ విభాగంలోనే.

ఇంత శక్తి పిట్టల కోసం కదా అనే పెద్దలు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ రోజులు పోయాయి. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021 నుంచి పల్లెవాసులే గాలి తుపాకులను ప్రభుత్వానికి అప్పగిస్తున్నారు. మన గురి కాగితం మీద, ఖాళీ డబ్బాల మీద ఉంటే చాలు.

మూడో మెట్టు: గాలి ఎక్కడి నుంచి వస్తుంది

అన్ని రకాల తేడా ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. గాలి ఎక్కడ నొక్కుకుంటుందో దాన్నిబట్టే తన్ను, ధర, నిర్వహణ, విసుగు నిర్ణయమవుతాయి.

స్ప్రింగు తుపాకీ మన ఊళ్లో ఎక్కువగా కనిపించేది. బ్యారెల్ (గొట్టం) మడిచినప్పుడు లోపలి పిస్టన్ వెనక్కి వెళ్లి బలమైన స్ప్రింగును నొక్కి నిలుస్తుంది. ట్రిగ్గర్ నొక్కితే పిస్టన్ ముందుకు దూకి ఎదురుగా ఉన్న గాలిని ఒక్కసారిగా బిగిస్తుంది. ఆ గాలే గుండును తోస్తుంది. పిస్టన్ దూకినప్పుడు తుపాకీ వెనక్కి తంతుంది, గాలి దిండుకు తగిలి పిస్టన్ ఆగినప్పుడు ముందుకు తంతుంది. ఈ రెండు కుదుపుల మధ్యే పెల్లెట్టు బ్యారెల్‌లో ప్రయాణిస్తుంది. నా స్కోపును చంపింది ఆ ముందుకు తన్నే తన్నే. పెద్ద తుపాకుల స్కోపులు వెనక్కి తన్నే దెబ్బను మాత్రమే ఊహించి చేసినవి.

ఈ కుదుపు వల్ల స్ప్రింగు తుపాకీని పట్టుకునే పద్ధతే వేరు. గట్టిగా బిగించి పట్టుకోకూడదు, ఇసుక సంచి మీదో బల్ల మీదో నేరుగా ఆనించకూడదు. ఎడమ అరచేతిని తెరిచి దాని మీద తుపాకీని వదులుగా కూర్చోబెట్టి, ప్రతిసారీ అదే చోట ఆనించాలి. తుపాకీ తన ఇష్టం వచ్చినట్టు కదలాలి, అయితే ప్రతిసారీ ఒకేలా కదలాలి. ఇది పట్టుబడడానికి నెలలు పడుతుంది. పట్టుబడిన తరవాత ఏ తుపాకీ ఇచ్చినా మీ చేయి తడబడదు.

బ్యారెల్ మడిచే రకంలో డయానా 34, వైరాఖ్ హెచ్‌డబ్ల్యూ 50 పేరున్నవి. మన దేశంలో ప్రిసిహోల్ లాంటి సంస్థలు కూడా ఈ రకాన్ని తయారు చేస్తున్నాయి. బ్యారెల్ కదలకుండా కింద మీట ఉండే రకంలో హెచ్‌డబ్ల్యూ 97, ఎయిర్ ఆర్మ్స్ టీఎక్స్ 200 ఉన్నాయి. పక్కన మీట ఉండేది డయానా 48. బ్యారెల్ కదలకపోతే గురి నిలకడగా ఉంటుంది. బరువు, ధర మాత్రం పెరుగుతాయి. ఏ రకమైనా గుండు పెట్టేటప్పుడు మీటను గానీ మడిచిన బ్యారెల్‌ను గానీ రెండో చేత్తో పట్టుకునే ఉండండి. పొరపాటున స్ప్రింగు వదిలిందంటే వేళ్లు నలుగుతాయి. మడిచిన బ్యారెల్ చెంపదెబ్బలా మూసుకుంటే అదే వంగిపోతుంది. మెరీనాలో చాలా తుపాకులు వంకర కావడానికి ఇదొక కారణమని నా అనుమానం.

నూనె సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మా బావగారు ఒక ఆదివారం జాలిపడి, గాలి వచ్చే రంధ్రంలో కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు పోశారు. మొదటి గుండుకు టపాసులాంటి మోత, బ్యారెల్ చివర నీలి పొగ, ఎదురింటి మామి తలుపు తీసి ఒక చూపు. గాలి నొక్కుకున్నప్పుడు పుట్టే వేడికి నూనె డీజిల్ ఇంజనులోలా అంటుకుంటుంది. పిస్టన్ సీలు కాలిపోతుంది, స్ప్రింగు విరుగుతుంది. ఆ రంధ్రంలో ఏమీ పోయకండి. గుండు లేకుండా ఉత్తగా కాల్చడం కూడా దీనికి చేటే, పిస్టన్‌కు గాలి దిండు దొరక్క నేరుగా లోహానికి కొట్టుకుంటుంది.

గ్యాస్ పిస్టన్ రకం దీనికి తమ్ముడు. స్ప్రింగు బదులు మూసిన గొట్టంలో నైట్రోజన్ ఉంటుంది. లోపల తుప్పు పట్టే స్ప్రింగు లేకపోవడం మన సముద్రపు గాలికి మేలు. తన్ను పొట్టిగా, పదునుగా ఉంటుంది. మడవడానికి మొదటి నుంచీ బలం కావాలి, అందువల్ల పిల్లలకు, పెద్ద వయసువాళ్లకు కష్టం. చెడితే గొట్టం మొత్తం మార్చాలి. స్ప్రింగయితే తెలిసినవాడి చేత తక్కువలో మార్పించుకోవచ్చు.

చేత్తో పలుమార్లు పంపు కొట్టే రకాన్ని క్లుప్తంగా ముగిస్తాను. ప్రతి గుండుకూ ఎన్నిసార్లు కొడితే అంత బలం, ఒకటి తక్కువైతే గుండు కిందికి దిగుతుంది. పది గుళ్లకే చేతులు లాగుతాయి. ఒక్క దెబ్బ పంపుతో నిండే రకం మాత్రం వేరే జాతి. పక్క మీట ఒకసారి తిప్పితే చాలు, ప్రతిసారీ అదే ఒత్తిడి, తన్ను దాదాపు సున్నా. పోటీలకు ముందే గాలి నింపి ఉంచే పీసీపీలు రాకముందు ఫైన్‌వెర్క్‌బావ్ 600 వరుస తుపాకులు ఈ పద్ధతిలోనే రాజ్యమేలాయి. పాతది ఎవరైనా మంచి స్థితిలో అమ్ముతుంటే, సీలు మార్పించే మనిషి దొరికితే, ఆలోచించకుండా చూడడానికి వెళ్లండి.

కార్బన్ డయాక్సైడ్ గుళికలతో నడిచేవి చెన్నైకి నప్పవు. ఇది అభిప్రాయం కాదు, భౌతికశాస్త్రం. 20 డిగ్రీల దగ్గర ఆ గుళికలో ఒత్తిడి 57 బార్లు. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవం అనేదే ఉండదు, ఒత్తిడి వేగంగా ఎగబాకుతుంది. మే నెలలో మన గదిలో గాలే అంతకంటే వేడిగా ఉంటుంది. వరసగా కాల్చితే గుళిక చల్లబడి ఒత్తిడి పడిపోతుంది. పొద్దునొక చోట, మధ్యాహ్నమొక చోట గుండు తగిలే తుపాకీతో గురి నేర్చుకోలేం. పార్కు చేసిన కారులో ఆ గుళికలు వదిలేయడం మరీ ప్రమాదం.

ఇక పీసీపీ, ముందే గాలి నింపి ఉంచే రకం. తుపాకీ కింద ఉన్న సిలిండరులో 200 బార్ల వరకు గాలి ఉంటుంది, కారు టైరులో ఉండే దానికి సుమారు 90 రెట్లు. ట్రిగ్గర్ నొక్కితే కవాటం క్షణం తెరుచుకుని కొంచెం గాలిని వదులుతుంది. పిస్టన్ లేదు, దూకుడు లేదు, తన్ను లేదు. కొత్తవాడు కాల్చినా తప్పు ఎవరిదో కాగితం నిజం చెబుతుంది. ఇప్పటి ఒలింపిక్ తుపాకులన్నీ ఇవే: వాల్తర్ ఎల్‌జీ 400, ఫైన్‌వెర్క్‌బావ్ 800 లాంటివి. వాటి ధర లక్షల్లో ఉంటుంది. దేశంలో తయారైనవి అంతకంటే బాగా తక్కువలో దొరుకుతాయి.

పీసీపీతో వచ్చే చిక్కంతా గాలిదే. స్కూబా సిలిండరు లేదా కంప్రెసరు క్లబ్బులో ఉంటే సమస్య లేదు. చేతి పంపుతో నింపాలనుకుంటే చెన్నై గాలిలోని తడి మీకు శత్రువు. అంత ఒత్తిడికి నొక్కినప్పుడు తేమ నీటి చుక్కలుగా మారి సిలిండరులోకి పోతుంది, కవాటం దగ్గర తుప్పు మొదలవుతుంది. నేను చేసే పని ఇది: ఏసీ వేసిన గదిలో అరగంట తరవాత పంపు మొదలుపెడతాను, ఎందుకంటే ఏసీ గాలిలో తేమ తక్కువ. యాభై దెబ్బలకోసారి ఆగి పంపు చల్లారనిస్తాను. ప్రతి విరామంలో కింది మర విప్పి నీటిని వదిలేస్తాను. పొడి గాలి వడపోత గొట్టం అమర్చుకుంటే ఇంకా మంచిది. ఆక్సిజన్ సిలిండరుతో మాత్రం ఎప్పుడూ నింపకండి. లోపల గ్రీజు చుక్క ఉన్నా పేలుతుంది.

పాత పోటీ తుపాకీ కొంటుంటే ముందు చూడాల్సింది సిలిండరు మీద చెక్కిన తేదీ. పోటీ సిలిండర్ల గడువు 10 ఏళ్లు. గడువు దాటిన సిలిండరుతో పోటీలో నిలబడనివ్వరు, ఇంట్లో వాడడానికి ధైర్యం చేయకూడదు. కొత్త సిలిండరు ఖర్చు కలుపుకుంటే చవక బేరం చవకగా మిగలదు. ఇంకొకటి: మర తిప్పితే శక్తి పెరుగుతుందని దుకాణంలో ఎవరైనా గొంతు తగ్గించి చెబితే, 20 జౌళ్ల గీత గుర్తు తెచ్చుకుని బయటికి నడవండి.

నాలుగో మెట్టు: దుకాణంలో చేతికి తీసుకున్నాక

మడిచే తుపాకీ అయితే బ్యారెల్ మూశాక పక్కకు ఊపి చూడండి. కీలు దగ్గర వెంట్రుకంత ఊగినా వద్దు. పెట్టెలో కాల్చనిస్తే, ప్రతిసారీ గుండు పెట్టి, ఐదుసార్లు వరసగా మడిచి కాల్చండి. ఐదోసారికి మీ చేయి వణికితే రోజూ యాభై గుళ్లు కాల్చలేరు. కళ్లు మూసుకుని భుజానికి ఎత్తి, తెరిచి చూడండి. గురి కంటికి నేరుగా వస్తే స్టాకు, అంటే భుజానికి ఆనించే భాగం, పొడవు మీకు సరిపోయినట్టు. ట్రిగ్గర్ ఎక్కడ జారుతుందో ముందే వేలికి తెలియాలి. వేగం కొలిచే యంత్రం ఉన్న దుకాణమైతే మామూలు సీసపు పెల్లెట్టుతో కొలవమనండి, పై లెక్క అక్కడే వేసుకోండి.

స్కోపు మొదట కొనకండి. తుపాకీతో వచ్చే మామూలు గురితో, కుదిరితే చిన్న రంధ్రంలోంచి చూసే డయాప్టర్ గురితో మొదలుపెట్టండి. స్కోపే కావాలంటే రెండు షరతులు: స్ప్రింగు తుపాకులకు పనికొస్తుందని రాసి ఉండాలి, 10 మీటర్లకు స్పష్టత సర్దుకునే ఏర్పాటు ఉండాలి. పెద్ద తుపాకుల స్కోపు 10 మీటర్ల దగ్గర మసకగా చూపిస్తుంది, కన్ను కాస్త కదిలినా గీత పక్కకు పోతుంది.

మనలో ఎక్కువమందికి నేను చెప్పేది ఒకటే ఎంపిక: 4.5 మిల్లీమీటర్ల బోరు, 10 నుంచి 14 జౌళ్ల మధ్య శక్తి, స్కోపు లేని, బ్యారెల్ మడిచే స్ప్రింగు తుపాకీ. పోటీలకు వెళ్లాలన్న పట్టుదల ఉన్న పిల్లలుంటే దీన్ని కొనకుండా క్లబ్బులో చేర్చి, ఏడాది ఆగి నేరుగా పీసీపీకి వెళ్లండి. మధ్యలో కొన్నది మధ్యలోనే అమ్ముకోవాల్సి వస్తుంది.

ఐదో మెట్టు: మొదటి వారం

నాలుగు రకాల పెల్లెట్లు చిన్న డబ్బాల్లో తీసుకోండి. ముందు భాగం బల్లపరుపుగా ఉండేవి కాగితానికి గుండ్రని శుభ్రమైన రంధ్రం చేస్తాయి, 10 మీటర్లకు ఇవే సరి. గుండ్రని తల ఉన్నవి దూరానికి. సూదిమొన ఉన్నవి చూడడానికి భయపెడతాయి తప్ప గురికి పనికిరావు. కొత్త తుపాకీలో ఫ్యాక్టరీ నూనె ఆరే దాకా గురి కుదరదు కాబట్టి మొదటి వంద గుళ్లను లెక్కలోకి తీసుకోకండి.

తరవాత ఒక్కో రకంతో ఐదేసి గుళ్లు, ఒక్కో రకానికి మూడు కాగితాలు. గురి మధ్యలో తగిలిందా అని చూడకండి, ఐదు రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయో చూడండి. గుంపు దగ్గరగా ఉంటే మధ్యకు తేవడం గురి సర్దే రెండు మరల పని. ఒకే తుపాకీ ఒక రకాన్ని రూపాయి నాణెంలో, ఇంకో రకాన్ని అరచేతిలో పడేయడం చూస్తారు. ధర ఎక్కువైన డబ్బాయే గెలవాలని లేదు. గెలిచిన రకాన్ని కాగితంతో సహా తేదీ వేసి దాచుకోండి, మూడు నెలల తరవాత గుంపు విప్పారితే తప్పు తుపాకీదో మీదో తేల్చుకోవడానికి అదే సాక్ష్యం. కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏదీ తినకండి, పెల్లెట్లు సీసం. పిల్లలుంటే ఇది మరీ ముఖ్యం.

తుప్పు గురించి చివరి మాట. ఇక్కడ రెండు రోజులు పట్టించుకోకపోతే బ్యారెల్ మీద వేలిముద్రలు గోధుమ రంగులో తేలతాయి. కాల్చిన ప్రతిసారీ పైపైన పలచగా తుపాకీ నూనె రాసిన గుడ్డతో తుడవండి. ఊరు వెళ్తున్నా తుపాకీని నురుగు పరిచిన సంచిలో మూసి ఉంచకండి, ఆ నురుగు తడి పీల్చుకుని లోహానికి అంటిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల కాలంలో, తాళం వేసిన చెక్క బీరువాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. స్ప్రింగు ఎక్కించకుండా, గుండు లేకుండా. పెల్లెట్ల డబ్బా వేరే అరలో. పొట్లాలు రంగు మారితే కొత్తవి పెట్టండి, ఆ వానల మధ్య ఎండను నమ్ముకోకండి.